యాభై ఎనిమిది మంది చెవులు, ఒక్క పిల్ల చేతులు

నేను రిటైరైన. వయసు ముప్పై ఏడు.

ఈ మాట చెప్తే జనం ముందు నా జుట్టు దిక్కు చూస్తరు, తర్వాత జాలి పడుతరు. జాలి అక్కర్లేదు. ఇబ్రహీంపట్నం పక్కన శేరిగూడ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీల పదకొండేండ్లు ఎంబీఏ పిల్లలకు పాఠం చెప్పిన. పోయిన ఎండాకాలం మేనేజ్‌మెంటు వాళ్ళు ఎంబీఏ సెక్షన్ మూసేసిండ్రు. శాలువా కప్పిండ్రు, గోడ గడియారం ఇచ్చిండ్రు, ఫోటో దిగినం. ఆ మూడు జరిగినంక అది పదవీ విరమణనే అని మా అమ్మ తేల్చింది. "పెన్షన్ సంగతి అడుగకుంటనే వచ్చినవా?" అని ఇప్పటికీ అంటది.

నా దగ్గర చదువుకున్న ఒకాయన ఈ యేడు ఇంకో కాలేజీల లెక్చరర్‌గ చేరుతున్నడట. ఫోన్ చేసి "సార్, నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి" అన్నడు. మంచి మాటలు నా దగ్గర లేవు. చేసిన తప్పులు మాత్రం ఉన్నయ్, అన్నీ కొత్తగనే ఉన్నయ్, ఎక్కువ వాడలేదు. అవే రాస్తున్న.

కొలువు అంటే ఇది

అపాయింట్‌మెంట్ ఆర్డర్ల "బోధన" అని ఉంటది. మీరు నమ్ముతరు, నేను గూడ నమ్మిన. ఎండాకాలం రాంగనే బ్రోచర్లు సంకల పెట్టుకోని ఊర్లెంట తిరగాలె, అడ్మిషన్లు తేవాలె. మా బ్రోచర్ మీద స్విమ్మింగ్ పూల్ ఉండె. మా కాలేజీల స్విమ్మింగ్ పూల్ లేదు. ప్రింటింగ్ ఆయన జాగ ఖాళీగ ఉన్నదని పెట్టిండు. ఒక తండ్రి "పూల్ ఏడుంది సార్?" అని అడిగితే, "వానాకాలం రాండ్రి" అన్న. ఆయన బిడ్డను చేర్పించిండు, ఆ యేడు వానలు గూడ మంచిగనే పడ్డయ్.

నా సబ్జెక్టు ఆర్గనైజేషనల్ బిహేవియర్. అంటే కొలువుల మనుషులు ఎందుకట్ల చేస్తరు అన్న శాస్త్రం. మొదటి రోజు నలభై ఐదు నిమిషాలు ప్రాణం పెట్టి చెప్పిన. మనిషికి ప్రేరణ ఎట్ల పుడుతది, మనసుల ఏముంటది. చివరికి "డౌట్లు ఉన్నయా?" అన్న. ముందు బెంచీల నుంచి ఒక చెయ్యి లేసింది. నా గుండె నిండింది.

"సార్, ఇది ఎన్ని మార్కులకొస్తది?"

ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలే. ఎనిమిది గంటలకు ఆకలై తిన్న.

అది అవమానం కాదని తెలుసుకోనికి రెండేండ్లు పట్టింది. ఆ పిల్లలు ఒకటో తరగతి నుంచి ఒకటే నేర్చుకుంట వచ్చిండ్రు. బోర్డు మీద ఉన్నది జవాబు, జవాబు అంటే మార్కులు, మార్కులు అంటే ఇంట్ల మంచి మాట. ఒకసారి ఏదో అవసరానికి బోర్డు మూలకు నా ఫోన్ నంబర్ రాసిన. మిడ్ పరీక్షల ఇద్దరు దాన్ని రెండో ప్రశ్నకు జవాబు కింద రాసిండ్రు. ఒకాయన అండర్‌లైన్ గూడ చేసిండు.

ఇది గుర్తుపెట్టుకోని ఉంటే నాకీ కథ రాసే అవసరం రాకపోవు.

మా బాసు, ఆయన బ్యాగులు

మా ప్రిన్సిపాల్ విఠల్ సార్‌కు వర్క్‌షాపులంటే పానం. ఏడ వర్క్‌షాప్ అన్నా పోతడు. వాళ్ళు ఒక బ్యాగు ఇస్తరు. ఆయన రూంల బీరువా మీద బ్యాగులు వరుసగ ఉండేటియి, ఒక్కో బ్యాగు ఒక్కో సిద్ధాంతం. ఒక బ్యాగుకు పిల్లల నోట్సులన్ని సాలెగూళ్ళ లెక్క గీయించిండు. ఇంకో బ్యాగుకు ప్రతి క్లాసు ముందు ఐదు నిమిషాల మౌనం పెట్టిండు. పొద్దటి క్లాసుల ఆ మౌనం చాలామందికి గంట దాక సాగేది.

నవ్వకుండ్రి. పిల్లల మీద నిజంగ ప్రేమున్న మనిషి ఆయన. ప్రేమ లేని బాసు మిమ్మల్ని ఊకె వదిలేస్తడు, హాయిగ ఉంటది. ప్రేమున్న బాసు సోమవారం పొద్దున్నే మీటింగు పెడుతడు.

ఆ సోమవారం కొత్త బ్యాగు టేబుల్ మీదనే ఉండె.

"మన పిల్లలు ఎందుకు ఫెయిలైతున్నరో నాకు తెలిసింది" అన్నడు.

మేం భయపడ్డం. ఎందుకంటే మాకు గూడ తెలుసు.

"ఒక్కొక్కరు ఒక్కో తీరు నేర్చుకుంటరు. కొందరు కంటితో, కొందరు చెవితో, కొందరు చేతితో. తెలివి గూడ ఒక్కటి గాదు, ఎనిమిది రకాలు. మాటల తెలివి, లెక్కల తెలివి, జాగను అంచనా కట్టే తెలివి, ఒంటి తెలివి, సంగీతం తెలివి, మనుషుల తెలివి, తనను తాను తెలుసుకునే తెలివి, చెట్టు పుట్టల తెలివి. మనం అందరికీ ఒకటే తీరు చెప్తున్నం."

అకౌంట్స్ చెప్పే సబిత మేడం నా పక్కనే ఉండె. నాకంటే పదేండ్లు పెద్ద, నన్ను తమ్మీ అంటది. మెల్లగ అడిగింది: "సార్, ముక్కుతో నేర్చుకునేటోళ్ళను క్యాంటీన్‌కు పంపుదామా?"

విఠల్ సార్ దాన్ని నోట్ చేసుకున్నడు. గంత మంచోడు.

మనుషుల తీరు నా సబ్జెక్టు కాబట్టి పని నా మెడల పడ్డది. నలభై ప్రశ్నల ఫారం ఇచ్చి, ఫైనల్ ఇయర్ ఎంబీఏ పిల్లలందరిని రకాల కింద విడదీయాలె. తర్వాత ఒక్కో రకానికి ఒక్కో తీరు పాఠం. నిజం చెప్పాల్నంటే నాకు మస్తు ఖుషీ అయింది. పదకొండేండ్లల నా సబ్జెక్టును ఎవరన్న వాడుకుందామన్నది అదొక్కసారే.

రైట్ ఆన్సర్ లేని పరీక్ష

రోల్‌ల అరవై మంది. ఒకాయన అడ్మిషన్ తీసుకున్న నాటి నుంచి కనవడలే, ఆయనది ఏం తెలివో ఇప్పటికీ తెల్వదు. ఫారాలు పంచంగనే రమేష్ లేసిండు. ఎప్పుడూ చివరి బెంచి, ఎప్పుడూ మొదటి ప్రశ్న.

"సార్, దీంట్ల ఇంపార్టెంట్ ఏవి?"

"ఇంపార్టెంట్ ఏమీ లేవు. దీనికి రైట్ ఆన్సర్ ఉండది. మీకు ఏది నిజమో అది టిక్కు పెట్టాలె."

పిల్లలంత పెన్నులు కింద పెట్టిండ్రు.

"రైట్ ఆన్సర్ లేకుంటే ఎట్ల దిద్దుతరు సార్?"

"దిద్దను."

"దిద్దకుంటే ఫెయిల్ ఎట్ల చేస్తరు?"

"చేయను, నాయనా. మొదటి ప్రశ్న సూడు. కొత్త ఫోన్ కొంటే ఎట్ల నేర్చుకుంటవ్? బొమ్మలు చూసా, ఎవరన్న చెప్తే వినా, నొక్కి చూసా?"

"మీరెట్ల నేర్చుకుంటరు సార్?"

అక్కడ కాలు జారింది. నమూనా కోసం నా జవాబులు బోర్డు మీద రాసుడు మొదలుపెట్టిన. పది రాసి ఆపుదామనుకున్న. రాస్తుంటే మంచిగనిపించింది. నా గురించి నన్ను నలభై ప్రశ్నలు అడిగినోళ్ళు అప్పటిదాక ఎవ్వరూ లేరు. నలభై రాసిన. నేను చెవితో నేర్చుకుంట, బస్సుల గంటసేపు ఇయర్‌ఫోన్లు పెట్టుకోని వస్త కాబట్టి సంగీతం ఎక్కువ, తనను తాను తెలుసుకునే తెలివి గూడ దండిగ ఉన్నట్టు తేలింది. "ఇది నాది. మీది మీరు రాయుండ్రి" అని చెప్పి, చాయ్ తాగొస్తనని స్టాఫ్ రూంకు పోయిన.

తనను తాను తెలుసుకునే తెలివి దండిగ ఉన్నోడు చేసే పని అది.

నేను తిరిగొచ్చేసరికి ఫారాలన్ని టేబుల్ మీద చక్కగ పేర్చి ఉన్నయ్. సబిత మేడం తన క్లాసుకు వచ్చి బోర్డు తుడుస్తుండె. తలుపు దగ్గర అదే క్లాసు పిల్ల ఎస్తేరు నిలబడి ఉండె, చెప్పులకు దుమ్ము, చేతిల బ్యాగు. ఎస్తేరు వాళ్ళ బాపుకు ఊర్ల టెంట్ హౌస్ ఉంది. ఫంక్షన్లకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిస్తరు. పొద్దుగాల సామాను దించి కాలేజీకి వస్తది, వారంల ఒకసారి లేటు. ఆమెకు ఒక ఫారం ఇచ్చిన. వరండల గోడకు ఆనించి రాసి ఇచ్చి పోయింది.

ఊరూరా సంగీతం

ఆ రాత్రి కంప్యూటర్ల మొత్తం కొట్టి చూస్తే నా కండ్లు తిరిగినయ్. యాభై తొమ్మిది మందిల యాభై ఎనిమిది మంది చెవితో నేర్చుకునేటోళ్ళు. యాభై ఎనిమిది మందికీ సంగీతం తెలివి. అందరికీ తనను తాను తెలుసుకునే తెలివి. అక్కడక్కడ ఒకటి రెండు జవాబులు తేడా ఉండె. అవి కాపీ కొట్టేటప్పుడు జరిగిన పొరపాట్లని ఇప్పుడు తెలుసు. అప్పుడు రిపోర్టుల "వ్యక్తిగత వైవిధ్యం" అని రాసిన.

మీకు ఈపాటికి సంగతి అర్థమైంది. నాకు మూడు వారాలు పట్టింది. నేను ఆ సబ్జెక్టు చెప్పెటోన్ని.

నేను ఊకోలే, కారణం గూడ కనిపెట్టిన. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊర్లల్ల బోనాలకు డప్పు, చర్చిల పాట, పెండ్లిల బ్యాండు, చిన్నప్పటి నుంచి చెవులల్ల పడుతయ్ కాబట్టి ఇక్కడి పిల్లల చెవి పదునెక్కిందని పన్నెండు స్లైడ్లు చేసిన. విఠల్ సార్ చూసి కుర్చీల నుంచి లేసిండు.

"నవీన్, ఇది చిన్న ముచ్చట కాదు" అన్నడు.

అవ్, కాదు.

మర్నాటి నుంచి ఎంబీఏ క్లాసుల చాక్‌పీసు బంద్. ఒక స్పీకర్ బాక్సు తెచ్చిండ్రు, మైకు తెచ్చిండ్రు. పాఠాలు రాగంతోటి చెప్పాలని సార్ కోరిక. నేను మనిషి అవసరాల మెట్ల సిద్ధాంతానికి ఒక వరుస కట్టిన. మొదటి మెట్టు తిండి, రెండో మెట్టు భద్రత, ప్రతి మెట్టుకు పిల్లలు బెంచీ మీద దరువు. నాలుగో మెట్టు దాక మంచిగ ఎక్కినం, ఐదో మెట్టు దగ్గర నా గొంతు అందలే. సబిత మేడం పాడనన్నది. బ్యాలెన్స్ షీట్ మైకుల చదివి వినిపించింది, శ్రద్ధాంజలి సభల చదివినట్టు.

వారం తిరగంగనే పక్క బ్లాకుల ఇంజనీరింగ్ హెడ్ వచ్చిండు. "మా పిల్లలు ల్యాబుల మీ పాట పాడుతున్నరు. అది మా సిలబస్‌ల లేదు."

"మరి నేర్చుకున్నరు గద సార్" అన్నడు విఠల్ సార్, సంబురంగ.

ఇగ ఆ ఒక్క మిగిలిన ఫారం. ఎస్తేరుది. చేతితో నేర్చుకునే రకం, ఒంటి తెలివి, జాగ అంచనా. సార్ ఆమె కోసం వేరే బ్యాచ్ పెట్టిండు. పాత స్టోర్ రూం, ఒక టేబుల్, థర్మాకోల్ షీట్లు, కత్తెర. ఆమె అక్కడ కూసోని కంపెనీ నిర్మాణం బొమ్మ చేయాలె.

"ఒక్క పిల్లకు ఒక్క బ్యాచ్. పెద్ద పెద్ద స్కూళ్ళల్ల గూడ ఇట్ల ఉండది" అన్నది సబిత మేడం. "నన్ను గూడ ఆ బ్యాచ్‌ల ఎయ్యి తమ్మీ. మైకు ఉండది."

నేను ఎస్తేరును అడిగిన, తక్లీఫ్ ఏమన్న ఉందా అని.

"ఏం లేదు సార్. ఆ రూంల ఫ్యాన్ ఉంది."

మూడో రోజు పోయి చూస్తే కంపెనీ బొమ్మ గంటల అయిపోయింది, మిగిలిన టైముల స్టోర్ రూం సర్దింది. పదేండ్ల ప్రశ్నపత్రాలు, ఇరిగిన బెంచీలు, పాత బ్యానర్లు కుప్పలు కుప్పలుగ ఉండేటియి. ఇప్పుడు రూం సగం ఖాళీ. ఏదీ పారేయలే. "ఏది ఎప్పుడు కావాల్నో దాన్ని బట్టి పెట్టిన సార్" అన్నది. నేను దాన్ని గూడ రిపోర్టుల రాసిన, చేతి తెలివికి రుజువు అని. బుర్ర అన్న మాట నాకు తట్టలే.

లిస్టు

ఆ యేడు పిల్లలకు కొలువులియ్యనీకి మా దగ్గరికి వస్తనని ఒకటే కంపెనీ ఒప్పుకుంది. రింగ్ రోడ్డు దిక్కు పెద్ద గోదాములు నడిపే కంపెనీ. ఇద్దరు ట్రైనీలు కావాలె. విఠల్ సార్ పిల్లల పేర్లతో పాటు వాళ్ళ నేర్చుకునే తీరు గూడ రాసి పంపిండు. ఇంటర్వ్యూకు ఒక రోజు ముందు లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టిండ్రు.

మధ్యాహ్నం మెట్ల కాడ ఎస్తేరు ఆపింది.

"సార్, లిస్టుల నా పేరు లేదు."

నేను పోయి సార్‌ను అడిగొచ్చిన. ఆయన జవాబు ఇది: ఆ పిల్లది వేరే ప్రొఫైల్, అందరిదీ ఒక తీరు ఉండి ఒక్కతిది వేరే ఉంటే కంపెనీ వాళ్ళకు అయోమయమైతది, ఆమెకు వచ్చే యేడు వేరే చూద్దాం. వచ్చే యేడు ఆమె కాలేజీల ఉండది. ఈ కంపెనీ పోతే ఇంకో కంపెనీ లేదు. అదే మాట ఆమెకు చెప్పిన, జర మెత్తగ.

"కొలువు రాకుంటే టెంట్ హౌస్ నాకే అప్పజెప్తనన్నడు మా బాపు. అది మంచిదే సార్, నాకు నామోషీ ఏం లేదు. కాని మా సామాను ఒక్క షెడ్డుల పడుతది. పదివేల రకాల సామాన్లుంటే ఎట్ల పెడుతరో, ఎట్ల తీస్తరో ఒకసారి లోపలికి పోయి చూడాలని ఉంది. మా ఇంట్ల అందరికీ చెప్పిన, రేపు ఇంటర్వ్యూ అని." బ్యాగు ఇంకో చేతికి మార్చుకుంది. "సార్, ఒకటి అడుగుతా. ఆ ఫారం అందరు బోర్డు చూసి రాసిండ్రు. నేను వచ్చేసరికి మేడం తుడిచేసింది. ఏం చేయాల్నో తెల్వక నాకు అనిపించింది రాసిన. రమేష్‌ను అడిగి రాస్తే అయిపోవు. అది తప్పయిందా సార్?"

నేను గోడకు ఆనుకున్న. సున్నం కొత్తగ వేసిండ్రు, షర్టుకు అంటింది.

యాభై ఎనిమిది మంది చెవులు నా చెవులు. యాభై ఎనిమిది మంది సంగీతం నా ఇయర్‌ఫోన్లు. మొత్తం క్లాసుల నిజం రాసింది ఒక్కతే, దానికి ఆమెను స్టోర్ రూంల కూసోవెట్టినం, ఇప్పుడు కొలువు గూడ తీస్తున్నం.

మెట్లు ఎక్కుకుంట మూడు వాక్యాలు తయారు చేసుకున్న, మనస్సాక్షి అన్న మాట రెండు సార్లు వచ్చేటట్టు. తలుపు తీస్తే విఠల్ సార్ పెరుగన్నం తింటుండె.

"కూసో నవీన్. మామిడికాయ తొక్కు ఎయ్యాల్నా?"

తొక్కు ఉన్న కాడ మనస్సాక్షి అన్న మాట పలకదు. సక్కగ చెప్పిన.

ఆయన చెయ్యి ఆగింది. "అంటే ఆ యాభై ఎనిమిది మంది..."

"నేనే సార్."

"అందరా?"

"అందరు."

"సంగీతం గూడనా?"

"అది బస్సుల పాటలు సార్."

ప్లేటు పక్కకు జరిపిండు. "నేను కాన్ఫరెన్సుకు పేపర్ పంపిన నవీన్. ఇబ్రహీంపట్నం ప్రాంత విద్యార్థుల శ్రవణ శక్తి అని. పద్దెనిమిది పేజీలు. అంటే అది నీ జీవితచరిత్ర."

చదవనీకి ఒక కాపీ అడుగుదామనుకోని ఊకున్న.

"కంపెనీకి లిస్టు పోయింది" అన్నడు. "మార్చాల్నంటే కారణం రాతల కావాలె. నువ్వు రాసిస్తే అది నీ ఫైల్ల ఉంటది. వచ్చే యేడుకు సెక్షన్ హెడ్ అని మేనేజ్‌మెంటుకు నీ పేరే చెప్పిన. రేపు పొద్దుటి దాక ఆలోచించుకో."

ఆలోచించిన. దీన్ని ధైర్యం అనుకోకుండ్రి. మెట్ల కింద ఎస్తేరు నిలబడి ఉంది, కిందికి దిగనీకి వేరే మెట్లు లేవు. సార్ టేబుల్ మీదనే కాగితం తీసుకోని, ఫారాలల్ల ఉన్న జవాబులు నావి, పిల్లలవి కావు, ఒక్క ఎస్తేరుదే అసలుది అని రాసి సంతకం పెట్టిన. సార్ చెయ్యి కడుక్కోని వచ్చి, లిస్టు చివర ఆమె పేరు తన చేత్తోనే రాసిండు. నన్ను ఒక్క మాట అనలే. సెక్షన్ హెడ్ సబిత మేడం అయింది, నాకంటే మంచిగ చేసింది. మొదటి ఆర్డర్ మైకు బంద్.

కొత్తగ చేరేటోళ్ళకు ఒక్కటే మాట. తప్పు ఒప్పుకునే ముందు ప్రసంగం తయారు చేసుకోకుండ్రి. ఎదుటి మనిషి ఎప్పుడూ ఏదో ఒకటి తింటుంటడు.

కంపెనీ మేడం

ఇంటర్వ్యూ చేయనీకి వచ్చిన మేడంకు నలభై ఏండ్లుంటయ్, కాటన్ చీర, చేతిల మా లిస్టు. కాలేజీ తరఫున నన్ను మూలకు కుర్చీల కూసోవెట్టిండ్రు. మొదటి పిల్ల వచ్చింది.

"మీ బలమేంది?"

"నేను చెవితో నేర్చుకుంట మేడం. నాకు సంగీతం తెలివి ఉంది."

రెండో ఆయన గూడ అదే. మూడో ఆయన గూడ. ఐదో పిల్లకు వచ్చేసరికి మేడం తనే "సంగీతమా?" అన్నది. ఆ పిల్ల సంబురపడి "మీకెట్ల తెలుసు మేడం?" అన్నది.

ఆరోది రమేష్.

"నువ్వు గూడ చెవితోనే నేర్చుకుంటవా?"

"లేదు మేడం. సార్ బోర్డు మీద రాసింది చూసి రాసిన."

"ఏ సార్?"

రమేష్ నా దిక్కు వేలు పెట్టి చూపించిండు. నేను సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కబెట్టిన. మూడు.

ఆమె నవ్వింది. లిస్టు మడిచి బ్యాగుల పెట్టుకుంది. అప్పటి నుంచి అందరినీ ఒకటే అడిగింది, ముందు వచ్చిపోయినోళ్ళను గూడ మళ్ళ పిలిచి. ఒక లారీల నాలుగు దుకాణాల సామాను పోవాలె, ఎట్ల ఎక్కిస్తరు. చాలామంది ప్లానింగ్ గురించి, టీం వర్క్ గురించి చెప్పిండ్రు. నేను చెప్పిన పాఠమే, బాధ్యత నాదే. రమేష్ మాత్రం "డ్రైవర్‌ను అడుగుత మేడం, రోజు పోయేది ఆయన గద" అన్నడు. ఆమె ఏదో రాసుకుంది.

చివరికి ఎస్తేరు.

"ముందు ఏ దుకాణం వస్తది మేడం?" అని ఎదురడిగింది.

"ఏదన్న రానీ. ఎందుకు?"

"ఆఖరు దుకాణం సామాను ముందు ఎక్కియ్యాలె. మొదటి దుకాణంది తలుపు దగ్గర ఉండాలె. లేకుంటే ఎండల అంతా రోడ్డు మీద దించి మళ్ళ ఎక్కియ్యాలె. మొన్న జల్‌పల్లి దిక్కు ఒక ఫంక్షన్‌కు పోయినం. వంట గిన్నెలు ముందు ఎక్కిచ్చి కుర్చీలు ఎనుక పెట్టిన, కుర్చీలే తలుపు కాడ. వంటాయనకు గిన్నెలు ముందు కావాలె. మూడు వందల కుర్చీలు దించేదాక ఆయన పొయ్యి కాడ నిలబడ్డడు. ఆ రోజు కాలేజీకి గూడ లేటైన."

మేడం పెన్ను కింద పెట్టింది. "అయితే ఇది చూసి నేర్చుకున్నవా, చేతులతోటి చేసి నేర్చుకున్నవా?"

ఎస్తేరు జర ఆలోచించింది. "విని మేడం. వంటాయన రెండు గంటలు తిట్టిండు."

మా సిద్ధాంతాల మిగిలిన ఆ ఒక్క అసలు ఫారం గూడ అప్పుడు కూలింది. క్లాసుల చేతి బ్యాచ్‌కు ఒకతే పిల్ల, ఆమె గూడ చెవితోనే నేర్చుకుంది.

తర్వాత నేను చదివిన, ఈ సంగతి మీద పరీక్షలు చేసినోళ్ళు ఏమన్నరో. మనిషి నేర్చుకునే తీరును బట్టి పాఠం చెప్తే ఎక్కువ వస్తదనేదానికి గట్టి రుజువు దొరకలేదట. ఎనిమిది తెలివుల ముచ్చట మీద ఇంకా కొట్లాటలే. నా అభిప్రాయం అడిగితే, మనుషులు వేరే వేరే అన్నది నిజం. కాని ఒకే మనిషి పొద్దున ఒక తీరు, పొద్దుమీకి ఒక తీరు. ఎట్ల నేర్చుకోవాల్నో చాలాసార్లు ఆ పని చెప్తది, మన ఒళ్ళు కాదు. లారీ ఎక్కిచ్చుడు నలుగురు నాలుగు తీర్ల నేర్చుకుంటరు, తప్పు చేస్తే తిట్లు మాత్రం అందరికీ చెవుల నుంచే పోతయ్. పిల్లలకు రకరకాలుగ చెప్పుండ్రి. వాళ్ళ మీద స్టిక్కర్లు మాత్రం అతికియ్యకుండ్రి.

ఇద్దరు

సాయంత్రం రెండు పేర్లు చెప్పిండ్రు. ఎస్తేరు, రమేష్. కాలేజీల స్వీట్లు పంచిండ్రు. విఠల్ సార్ ఇద్దరితోటి ఫోటో దిగిండు, ఆ సంబురం నటన కాదు.

శనివారం ఆయన పట్టు పట్టిండు, ఆ ఫారం సరిగ్గ మళ్ళ పెట్టాలని. ఈసారి నన్ను క్లాసు గడప తొక్కనియ్యలే. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. ఆయనే తలుపు కాడ నిలబడి, "ఎవ్వరినీ చూడొద్దు, మీ గురించి మీరు రాయుండ్రి" అని మూడు సార్లు చెప్పి ఫారాలు పంచిండు. మధ్యాహ్నం లెక్క తీస్తే యాభై తొమ్మిదిల, కొలువు వచ్చిన ఇద్దరివి పక్కన పెడితే, యాభై ఏడు మందీ చేతితో నేర్చుకునేటోళ్ళు, ఒంటి తెలివి, జాగ అంచనా. కొలువు వచ్చిన పిల్ల జవాబులు కావాలె గద.

సార్ ఆ కాగితాల కట్ట అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

"కనీసం ఈసారి నువ్వైతే కాదు" అన్నడు. బ్యాగు తీసి బీరువా మీద పెట్టిండు.

ఆ రోజు కాలేజీ బస్సు కదిలే ముందు ఎస్తేరు స్టాఫ్ రూంకు వచ్చింది. నేను కుర్చీల సర్దుకోని కూసున్న. ఇట్లాంటప్పుడు పిల్లలు ఏమంటరో తెలుసు, మనం ఏమనాల్నో గూడ తెలుసు. "అయ్యో, నేను చేసిందేముంది, అంతా నీ కష్టమే" అని నాలిక మీద తయారుగ పెట్టుకున్న.

"సార్, సోమవారం నుంచి గోదాముకు రమ్మన్నరు."

"మంచిదమ్మా."

"ఇంకో నెల క్లాసులున్నయ్. అటెండెన్స్ తగ్గితే పరీక్ష రాయనియ్యరు."

"అవ్."

"వేయుండ్రి సార్" అన్నది. బస్సు హారన్ కొడుతుంటే ఉరికింది.

పదకొండేండ్లల నేను వేసిన దొంగ అటెండెన్స్ అదొక్కటే అంటే మీరు నమ్మరు, నమ్మకుండ్రి. ఆ నెల రోజులు పేర్లు పిలుస్తుంటే ఆమె నంబర్ కాడ క్లాసు మొత్తం నా దిక్కు చూసేది. నేను రిజిస్టర్‌ల తల పెట్టుకోని, ఆమె గోదాముల ఏ వరసల ఏం ఉన్నదో నేర్చుకుంటుంటదని అనుకుంట, హాజరు వేసి, తర్వాతి నంబర్ పిలిచేటోన్ని.